మడిచిన సగం

ఇల్లు అద్దెకు ఇచ్చేటప్పుడు, కింద ఉండే ఇంటి ఓనరు మామీ పెట్టిన షరతు ఒకే ఒక్కటి. గోడకు మేకు కొట్టకూడదు. వంట గురించో, వచ్చీపోయే చుట్టాల గురించో ఏదో ఒకటి అంటుందని సిద్ధపడి పోయాను. వాటి ఊసే ఎత్తలేదు. మేకు సంగతి మాత్రం మెట్ల దగ్గర ఒకసారి, గదిలో ఒకసారి, తాళం చేతికిస్తూ ఇంకోసారి చెప్పింది.

“పుట్టీ పెట్టి పెయింటు కొట్టించినామమ్మా. మేకు దించితే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. క్యాలెండరు కావాలంటే తలుపు గడియకు తగిలించుకో.”

“మేకు కొట్టి తగిలించుకునేదానికి నా దగ్గర ఏముండాది మామీ” అన్నాను. ఆ రోజుకు అది నిజమే.

మాది నగరి. పుట్టిందీ మెట్టిందీ మగ్గాల ఇళ్ళలోనే. మా ఆయన పోయాక కొన్నాళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాను. మరిది, తోటికోడలు, వాళ్ళ సంసారం, ఆగకుండా ఆడే మరమగ్గాలు. ఎవరూ నన్నొక మాట అనలేదు. అనుంటే పోట్లాడుకుంటూ అయినా ఉండిపోయేదాన్నేమో. అంతమంది మధ్యన ఒంటరిగా ఉండడం కంటే ఎవరూ లేనిచోట ఒంటరిగా ఉండడం మేలనిపించింది. తిరుపతిలో ఒక చీరల కొట్టులో ఫాల్సు కుట్టే పని దొరికింది, వచ్చేశాను. పిల్లలు లేరు. ఆ మాట ఎవరూ అడగకముందే చెప్పేయడం నాకు అలవాటు. అడిగించుకుని చెబితే వాళ్ళ జాలి కూడా చూడాల్సి వస్తుంది.

తిరుపతి ఒంటరి మనుషులకు బాగుంటుందని నాతో ఎవరో అన్నారు. అన్నవాళ్ళు ఇప్పుడు కనపడితే నాలుగు అడిగేద్దామని ఉంది. బస్టాండు నుంచి కొట్టుకు నడిచే దారిలో తాత మొదలు చంటిబిడ్డ దాకా గుండ్లు చేయించుకుని, గంధం పూసుకుని, తప్పిపోతామని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వచ్చే కుటుంబాలు ఎదురవుతాయి. వాళ్ళ వరస తెగకుండా మనమే సంచీ ఎత్తిపట్టుకుని పక్కకు తప్పుకోవాలి. పోతూ వస్తూ ఆ తప్పుకోవడమే నాకు సగం పని.

ఇంకో సంగతి. మగ్గాల చప్పుడులో పెరిగినవాళ్ళకు మెల్లగా మాట్లాడడం చేతకాదు. నేను ఫోన్లో మరిది బాగోగులు అడుగుతుంటే మామీ మొదట్లో ఎవరితోనో తగాదా పడుతున్నాననుకుని మెట్లెక్కి వచ్చింది. తర్వాత అలవాటు పడింది. నాకే అలవాటు కాలేదు, ఆ గదిలో నా గొంతుకు ఎదురు గొంతు లేకపోవడం. అన్నం వేసుకుంటూ “ఉప్పు తక్కువైందే” అని గట్టిగా అంటాను. ఎవరంటారు అవునని, కాదని.

ఫొటోల గొడవ నా ఫోను చెడిపోవడంతో మొదలైంది. బ్యాటరీ ఉబ్బిపోయి వెనక మూత లేచింది. బాగుచేసే కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపల ఉన్నవి పోయినా పోవచ్చు, ముందు ఫొటోలు తీసి పెట్టుకోండని చెప్పాడు. నా దగ్గరున్న మా ఆయన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. అక్కడి నుంచి నేరుగా స్టూడియోకు పోయి వాటన్నింటినీ కాగితం మీద వేయించాను. పెళ్ళి పందిట్లో విస్తరి ముందు కూర్చుని ఇంకో గారె వద్దని చెయ్యి అడ్డం పెడుతున్న మా ఆయన. మగ్గానికి నూనె పోస్తూ వీపు మాత్రమే కనపడే మా ఆయన. పాకాలలో ఉండే మా అక్క. వాకిట్లో పేను దువ్వెన పట్టుకుని నా మీద అరుస్తున్న తోటికోడలు. కవరులోంచి తీసి మంచం మీద పరుచుకుంటే ఇల్లు నిండినట్టయింది. మళ్ళీ కవరులో పెట్టడానికి చేతులు రాలేదు.

కొట్టులో నా పక్కన కూర్చుని కుట్టే ఆమె పటాలు కట్టించుకోరాదా అంది. నాకు సుర్రుమంది. మా ఇళ్ళలో ఒక్క మనిషి ఫొటోకు చుట్టూ కర్ర, ముందు అద్దం పడ్డాయంటే దానికి అర్థం ఒకటే. మా అక్క ఇంకా రోజూ ఫోను చేసి తిడుతూనే ఉంది, ఆమెకు పటం కడతారా ఎవరైనా. మా ఆయనకు నగరి ఇంట్లో ఉన్న పటం చాలు.

మొదట రెండు వైపులా అంటుకునే టేపు తెచ్చి గోడకు అతికించాను. తిరుపతి ఎండకు మధ్యాహ్నానికల్లా గోడ కాలిపోతుంది. పని నుంచి వచ్చి తలుపు తీస్తే అందరూ నేల మీద బోర్లా పడి ఉన్నారు. మా అక్క ఫొటో పడుతూ పడుతూ కాస్త పెయింటును కూడా పీకింది. దాని మీద సుద్దముక్క రుద్దేసి మామీకి చెప్పలేదు.

అప్పుడు నూలు గుర్తొచ్చింది. నగరి నుంచి వచ్చేటప్పుడు మూటలు కట్టడానికని ఒక కండె పడుగు నూలు తెచ్చుకున్నాను. పోగులు కలిపి పురి పెట్టి, కిటికీ కమ్మీ నుంచి వంటింటి తలుపు బందు దాకా లాగి కట్టాను. ముడి జారదు, ఆ విద్య మాకు చెప్పాల్సిన పని లేదు. చిన్న కర్ర క్లిప్పులు తెచ్చి ఫొటోలు వేలాడదీశాను. ఒక్క క్లిప్పు పెడితే ఫ్యాను గాలికి గిర్రున తిరిగి అందరూ వీపు చూపిస్తారు. రెండు పెడితే నిలుస్తారు, కానీ క్లిప్పు పళ్ళు పడి కాగితం మీద గాటు పడుతుంది. ఫాల్సు గుడ్డ కత్తిరింపులు మడిచి మధ్యన పెట్టాను. ఎండ పడే వైపు ఎవరినీ పెట్టలేదు. గాలికి అవి ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తుంటే, అబద్ధమెందుకు, నాకు ఎవరో ఉన్నట్టే ఉండేది.

మామీ మిద్దె మీద వడియాలు ఎండబెట్టడానికి వచ్చి, గుమ్మంలోంచి దారాన్ని చూసి లోపలికి వచ్చింది.

“ఇది మీ ఆయన గదమ్మా, పోయినాయన?”

“అవును మామీ.”

“ఈమె?”

“మా అక్క. పొద్దున్నే తిట్టింది ఫోన్లో.”

మామీ ఇంట్లో దేవుడి పటాలకూ పెద్దల పటాలకూ గోడలు వేరు వేరు. “పోయినవాళ్ళనీ ఉన్నవాళ్ళనీ ఒక దారానికి కట్టరమ్మా. ఉన్నవాళ్ళకు మంచిది కాదంటారు.”

“వేరే దారం కట్టాలంటే వేరే కిటికీ కావాల మామీ. నాకుండేది ఒకటే.”

ఆమె నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. దారం మధ్యన నేను వదిలిన జాగా చూపించి, ఇక్కడెందుకు వదిలేశావని అడిగింది.

“ఒక ఫొటో రావాల మామీ. మేమిద్దరం ఉండేది. నగరిలో ఉండాది, తెప్పించుకోవాల.”

మేమిద్దరం కలిసి ఉన్న ఫొటో ఈ భూమ్మీద అదొక్కటే. పెళ్ళి ఆల్బం ఒక వానాకాలం మగ్గాల కొట్టం కారి నానిపోయింది. తర్వాత ఇన్నేళ్ళలో ఇద్దరం పక్కపక్కన నిలబడి ఫొటో దిగింది లేదు. మా ఇళ్ళలో మొగుడూ పెళ్ళాం అట్లా నిలబడితే పదిమందీ నవ్వుతారు. ఎప్పుడు చూసినా ఆడవాళ్ళు ఒక వరస, మగవాళ్ళు ఒక వరస. పిల్లలుంటే వాళ్ళ పుట్టినరోజు పేరు చెప్పి దిగేవాళ్ళమేమో. మాకు ఆ సాకు కూడా లేకపోయింది.

ఆ ఒక్కటి దిగింది చంద్రగిరి కోటలో. మొక్కు తీర్చుకుని కొండ దిగాం. సాయంత్రం బస్సుకు ఇంకా పొద్దుంది, కోట చూసిపోదామా అని ఆయనే అన్నాడు. ఆ మనిషి నోట అట్లాంటి మాట రావడమే వింత. రాజమహల్ ముందర గడ్డిలో ఒకతను మెళ్ళో రీలు కెమెరా వేసుకుని తిరుగుతున్నాడు. పెద్ద సైజు ఫొటో, పోస్టులో ఇంటికే పంపిస్తానన్నాడు. మమ్మల్ని నిలబెట్టి, మా మధ్యన ఉన్న దూరం చూసి తల కొట్టుకున్నాడు.

“అన్నా, ఇంకొక మనిషి పట్టేంత సందు ఉండాది. దగ్గిరికి జరిగి భుజం మీద చెయ్యి ఎయ్యి. ఆమె నీ ఇంటామె గదా?”

పెనం వేడెక్కిందో లేదో చూసేటప్పుడు చేసినట్టు, ఆయన ముందు వేళ్ళు మాత్రం ఆనించాడు. తర్వాత చెయ్యంతా వేశాడు. నా మెడ వెనకగా వచ్చి అవతలి భుజం మీద ఆగింది ఆ చెయ్యి. కెమెరా క్లిక్కుమన్నాక కూడా కాసేపు తీయలేదు. బస్సులో పుత్తూరు దాకా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. నాకు ముప్పై దాటిన వయసులో ఆ సిగ్గు. పదిమంది తిరిగే చోట ఆయన నన్ను ముట్టుకున్నది ఆ ఒక్కసారే.

ఫొటో పోస్టులో వచ్చింది. మా అత్త చూసి “సినిమావాళ్ళ మాదిరి ఏందిది” అంది, నేను తెచ్చి పెట్టెలో చీరల కింద దాచేశాను. గోడ ఎక్కే యోగం దానికి అప్పుడు లేదు.

ఆయన గుండెపోటుతో ఉన్నట్టుండి పోయినప్పుడు కర్మాంతరానికి ఫొటో కావాల్సి వచ్చింది. ఇల్లంతా వెతికి ఆ పెట్టెలోంచే తీశారు. ఆయన ముఖం తేటగా పడింది అందులోనే. నా ఏడుపులో నేనున్నాను, ఎవరు తీశారో ఏం చేశారో చూసుకోలేదు. ఆ ముఖాన్నే పెట్టి బజారులో ఫ్లెక్సీ కూడా వేయించారు. జన్మలో కోటు తొడగని మనిషికి నల్లకోటు తొడిగి, వెనక నీలం మబ్బులు పెట్టారు. కర్మాంతరం అయ్యాక ఆ ఫ్లెక్సీని వాన పడకుండా నూలు మూటల మీద కప్పారు. కోటులో మా ఆయన మూటల మీద వెల్లకిలా పడుకుని ఉంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ పని వదలని మనిషే కదా, నూలుకు కాపలా పడుకున్నాడులే అనుకున్నాను.

హాల్లో పెట్టిన పటంలో మాత్రం ఆయన ఒక్కడే. స్టూడియోలో దాన్ని చూసి కొత్తగా ఆయన ఒక్కడిదే వేయించారనీ, అసలుది తిరిగి పెట్టెలో చేరిందనీ నా నమ్మకం. ఇన్నేళ్ళూ పెట్టె తీసి చూసే ధైర్యం చేయలేదు. మామీ జాగా ఎందుకని అడిగిన సాయంత్రమే మరిదికి ఫోను చేశాను.

“అప్పా, పెట్టెలో చంద్రగిరి ఫొటో ఉండాది గదా. ఈ తూరి తిరుపతికి వచ్చేటప్పుడు తీసుకొని రా.”

“పెట్టెలో యాడుండాది వదినా. అదే గదా పటంలో ఉండేది.”

“పటంలో మీయన్న ఒక్కడే గదా ఉండేది.”

మరిది గొంతు తగ్గించాడు. “ఆ పొద్దు టైము లేదు వదినా. పటాల కొట్టాయప్పకు ఇస్తే ఆయప్పే సరిచేసి కట్టిచ్చినాడు.”

“సరిచేసినాడంటే ఏంది? నన్ను కోసేసినాడా, మడిచినాడా?”

“అది మేము సూడలేదు వదినా.”

ఫోను పెట్టేశాను. కోసి ఉంటే ఆ ముక్క కొట్టు నేల మీద పడి, సాయంత్రం చిమ్మితే పోయి ఉంటుంది. దానితోపాటు నా భుజం మీది చెయ్యి కూడా. ఆ వారమంతా నా కుట్టు కుట్టు కాదు. ఒక పట్టుచీరకు ఫాల్సు తిరగేసి కుట్టి యజమాని చేత మాట పడ్డాను. నాకు కావాల్సింది ఒక్క కాగితం ముక్క. ఉందో లేదో తెలియకపోవడం నన్ను తినేసింది. సెలవు రోజున నగరి బస్సెక్కాను.

ఇంట్లో మగ్గాలన్నీ ఆడుతున్నాయి. పటం వాకిలికి ఎదురు గోడ మీద, ప్లాస్టిక్ దండ, కింద ఎర్ర జీరో బల్బు. రోజూ చూసిన పటమే. ఆ రోజే సరిగ్గా చూశాను. ఆయన ఎడమ భుజం కాస్త లేచి ఉంటుంది, చెయ్యి పక్కకు సాగి, చట్రం కర్ర దగ్గర ఆగిపోయి ఉంటుంది. నేను కాళ్ళు కూడా కడుక్కోకుండా స్టూలు లాక్కున్నాను. తోటికోడలు వచ్చి అడ్డం నిలబడింది.

“పటం అట్లా దించకూడదక్కా. మంచి రోజు సూసి దించుదాం.”

“మీ బావ పోయింది మంచి రోజు సూసుకొనా?”

“కోపం చేసుకోవాకు. నిన్ను తీసేసినామని గదా నీ బాధ. బతికుండే మనిషి పటానికి దండ ఏస్తారా ఎవరన్నా? నిన్ను గూడా పెట్టి దండ ఏసి, దీపం పెట్టి, రేపు నీకేమన్నా అయితే మేమేమైపోవాల? నీ మంచికే గదక్కా చేసింది.”

అది నిజమే. వాళ్ళు నన్ను తీసేసింది నా ఆయుష్షు కోసం. ఆ పటంలో ఉండుంటే నేను పోయినవాళ్ళలో చేరినట్టు. బయట ఉన్నాను కాబట్టి బతికున్నట్టు. బతికినందుకు ఇంత బాగున్నానా అని అడగాలనిపించింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి స్టూలు మీద కూర్చున్నాను. అసలే మంచిది ఆమె. మంచివాళ్ళతో పోట్లాట కుదరదు.

మరిది ఒక్కొక్క మగ్గమే ఆపుకుంటూ వచ్చాడు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది, మేము మాత్రం ఇంకా అరుస్తూనే మాట్లాడుకుంటున్నాం. తనే పటం దించి, బోర్లా పెట్టి, కటింగ్ ప్లేయరుతో తుప్పు పట్టిన చిన్న మేకులు పీకాడు. వెనక అట్ట తీశాడు.

అట్ట తీయగానే కనపడింది నేనే.

కోయలేదు. మడిచారు. ఆయన వెనకాల, వీపుకు వీపు ఆనుకుని, గోడ వైపు తిరిగి ఇన్నేళ్ళూ ఆ పటంలోనే ఉన్నాను. నేను ఆ ఇంట్లో ఉన్నప్పుడు రోజూ ఆ పటానికి దండం పెట్టుకునేదాన్ని. నాకు నేనే దండం పెట్టుకున్నానన్నమాట. వెలుతురు తగలక నా చీర రంగు నిన్న కట్టుకున్నట్టుంది, నిమ్మపండు రంగు. నా భుజం మీద నాలుగు వేళ్ళు. ఇంకా ఉన్నాయి. స్టూలు మీద అట్లాగే కూర్చుండిపోయాను. సంతోషమే అది, గట్టిగా ఏడిపించే సంతోషం.

“ఇంకేం వదినా, తీసుకో” అని మరిది మడత విప్పి, ఆయన వైపు కాగితాన్ని అద్దం నుంచి లేపబోయాడు. రాలేదు. మూల గోరుతో కొంచెం ఎత్తాడు. రాజమహల్ శిఖరం ఒకటి అద్దానికే ఉండిపోయి కాగితం తెల్లగా వచ్చింది. చటుక్కున చెయ్యి తీసేశాడు. ఏ వాన చెమ్మో, మొదట్లో వేసిన పూలదండల తడో, లోపలికి దిగి ఫొటో అద్దాన్ని కరుచుకుపోయింది.

అట్లాగే ఎత్తుకుని, అద్దంలోంచి నా సగం బయటికి వేలాడుతుండగా, బజారులో పటాల కొట్టుకు పోయాం. కొట్టాయనకు ఆ ఫొటో గుర్తు లేదు. చూసి మాత్రం, ఇది నా మడతే అన్నాడు.

“బతికుండే మనిషి మీద మేము కత్తెర పెట్టమమ్మా. మడిచి ఎనక్కి ఏస్తాము. మా నాయన కాలం నుంచి అంతే.”

“ఆయన్ని అద్దం మీద నుంచి తీయొచ్చునా?”

“నీళ్ళల్లో నానేస్తే వస్తే వస్తుంది. రాకుంటే ముఖం అద్దానికే నిలిచిపోతుంది. నేనైతే చెయ్యను. చెయ్యమంటే చేస్తా.”

ఎవరమూ చెయ్యమనలేదు. మరిది అక్కడే ఫోనుతో అద్దం మీది ఆయన్నీ, పక్కన నన్నూ తీసి, స్టూడియోలో ఇద్దరినీ కలిపించి నా ఫోనుకు పంపించాడు. చూశాను. ఆయన ముఖం మీద అద్దంలో పడిన ట్యూబ్‌లైటు, రంగు వెలిసిపోయిన ఆయన పక్కన రంగు పోని నేను, మోచెయ్యి ఒకచోట, వేళ్ళు ఒకచోట. కొత్త పడుగు పోగును పాత పోగుకు అతికే ఇంట్లో పుట్టినదాన్ని, అతుకు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఉండనీలే అని ఫోనులో ఉంచుకున్నాను.

ఇంటికి వచ్చాక తోటికోడలే అంది. “అట్లనే అద్దంతోనే తీసుకొనిపో అక్కా. మేము వేరే ఫొటో కట్టించుకుంటాములే.”

తీసుకుపోదామనే అనుకున్నాను. అప్పుడు మరిది మగ్గాలు మళ్ళీ ఆడించడానికి లేచాడు. మొదటి స్విచ్చు వేసే ముందు చెయ్యి చాచి గోడను తాకి కళ్ళకద్దుకోబోయాడు. అక్కడ పటం లేదు, మేకు ఒక్కటే ఉంది. చెయ్యి గాల్లో ఆగింది. రోజూ అన్నను తాకిగాని మగ్గం ముట్టుకోడని నాకు అప్పుడే తెలిసింది. నాకు మొగుడైతే మరిదికి అన్న కాడా. కానీ మళ్ళీ నన్ను మడిచి వెనక్కి వేసి మేకులు కొట్టడం కూడా నా వల్ల కాలేదు. ఒకసారి నన్ను నేను చూసుకున్నాక గోడ వైపు తిప్పుకోలేను.

“బ్లేడు ఇయ్యి” అన్నాను.

తోటికోడలు చెవులు మూసుకుంది. “నిన్ను నువ్వే కోసుకుంటావా అక్కా. తప్పు.”

“నాకు లేని పట్టింపు నీకెందుకే. ఇయ్యి.”

మడత మీద కాగితం ముందే పగిలి తెల్లగీత పడి ఉంది. బ్లేడు ఆనించి లాగితే సులువుగా తెగింది. అంత సులువుగా తెగుతుందనుకోలేదు. చితి దగ్గర కూడా నాకు ఆయన దూరమైనట్టు అనిపించలేదు, ఆ క్షణం అనిపించింది. ఆయన్ని వాళ్ళు మళ్ళీ చట్రంలో పెట్టి గోడకు తగిలించారు. నేను నన్ను రెండు అట్టల మధ్యన పెట్టుకుని సాయంత్రం బస్సెక్కాను.

ఆ ముక్క సగమే కాబట్టి దారం మీద వదిలిన జాగా ఎక్కువైంది. మా అక్కను ఇటు, పందిట్లో గారె వద్దంటున్న ఆయన్ని అటు జరిపి సర్దాను. మరునాడు మామీ వడియాలు తిరగేయడానికి వచ్చి, ఎదురుగా నిలబడి, కళ్ళజోడు సర్దుకుని చూసింది.

“ఇద్దరూ ఉండేదని చెప్పినావే?”

“ఇంతే వచ్చింది మామీ.”

“భుజం మీద చెయ్యి?”

“ఆయనదే.”

పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ ఒక కాగితం మీదే ఉంటే ఏ దారానికి కట్టాలో ఆమె చెప్పలేదు. చాలాసేపు చూసి, “ఎవరిని చూసి అట్లా నవ్వుతా ఉండావమ్మా?” అంది.

అప్పుడే నేనూ గమనించాను. కెమెరా వైపు చూడమని ఫొటో తీసేటతను అంత అరిచినా నేను చూడలేదు. తల పక్కకు తిప్పి, కొంచెం పైకి, ఆయన ముఖంలోకి చూసి నవ్వుతున్నాను. అట్లా నవ్వగలిగిన మనిషినని నాకే గుర్తు లేదు. ఆ ముఖం ఇప్పుడు నగరిలో అద్దాన్ని కరుచుకుని ఉంది. ఇక్కడ చూసేవాళ్ళకు, కాగితం అంచు అవతల ఏమీ లేని గాలిని చూసి ఒక ఆడమనిషి మురిసిపోతున్నట్టు ఉంటుంది.

మామీకి చెప్పాను. కొండ దిగడం, కోటకు పోదామని ఆయనే అనడం, పుత్తూరు దాకా ముఖాలు చూసుకోకపోవడం, అన్నీ. వడియాలు వదిలేసి కూర్చుని విన్నది. పొయ్యి మీద పాలు ఉన్నాయని గుర్తొచ్చి కిందికి దిగిపోయింది.

ఆమె వెళ్ళాక ఇంకా చాలా గుర్తొచ్చాయి. ఆయన ఆ రోజు వేసుకున్న చొక్కా, బస్సులో నాకోసం కొన్న వేరుశనక్కాయలు. ఎవరైనా వచ్చి, ఎవరిని చూసి నవ్వుతున్నావని అడిగితే అవి కూడా చెబుదామని ఉంది. ఇంతవరకూ ఎవరూ రాలేదు.